వెనక స్థలంలో పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్లు: కౌన్సిల్ ఓటుకు ముందు ఏం అడగాలి?

టెక్సస్‌లో, అందులోనూ డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లలో, రీజోనింగ్ (ఒక స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనను మార్చడం) నోటీసు అందుకున్న పాఠకులు చాలామంది రాశారు. కొందరికి తమ పక్కన పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్లు వద్దు. ఇంకొందరు అమ్మానాన్నల కోసం అందులోనే ఫ్లాటు చూసుకుంటున్నారు. ఇద్దరికీ పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం.

మా సబ్‌డివిజన్ వెనక ఖాళీ స్థలంలో 55 ఏళ్లు దాటినవాళ్లకు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు కడతామని సిటీకి దరఖాస్తు వెళ్లింది. మాకు నోటీసు వచ్చింది, నాలుగిళ్ల అవతలివాళ్లకు రాలేదు. ఆన్‌లైన్ పిటిషన్‌లో వందల సంతకాలు పోగయ్యాయి. దీన్ని ఆపడానికి అవి సరిపోతాయా? (ఫ్రిస్కో)

సరిపోవు. ఎంతమంది సంతకం పెట్టారన్నది టెక్సస్ జోనింగ్ చట్టంలో లెక్కే కాదు. పెట్టినవాళ్లకు ఎంత నేల ఉందన్నదే లెక్క. జోన్ మారబోయే స్థలం హద్దు నుంచి 200 అడుగుల లోపల ఆస్తి ఉన్నవాళ్లకే సిటీ నోటీసు పంపాలి. జోనింగ్ కమిషన్ (కౌన్సిల్‌కు సిఫారసు చేసే బృందం) విచారణకు పది రోజులకు పైగా ముందే అది పోస్టులో పడాలి. కౌన్సిల్ విచారణ సంగతి పదిహేను రోజులకు పైగా ముందే పత్రికలో రావాలి. మీ నాలుగిళ్ల అవతలివాళ్లు 200 అడుగుల గీత దాటి ఉంటారు. ఇంకో కారణమూ ఉండొచ్చు. నోటీసులు పాత పన్ను జాబితా చూసి పంపుతారు కాబట్టి, ఈమధ్యే ఇల్లు కొన్నవాళ్ల ఉత్తరం పాత యజమాని పేరు మీద పోతుంది. అలాంటివాళ్లను మీరే వెళ్లి పలకరించాలి.

నిన్నమొన్నటి దాకా ఆ 200 అడుగుల పట్టీలో 20 శాతం నేల ఉన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుంటే తప్ప మార్పు గట్టెక్కేది కాదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చిన హెచ్‌బీ 24 అనే రాష్ట్ర చట్టంతో ఇది మారింది. ఇప్పుడున్న జోనింగ్ కంటే ఎక్కువ ఇళ్లకు వీలిచ్చే మార్పు అయితే పక్కవాళ్ల వాటా 60 శాతానికి చేరాలి. చేరినా నాలుగింట మూడొంతులు అక్కర్లేదు, కౌన్సిల్ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకుంటే మార్పు గట్టెక్కుతుంది.

లెక్క వేసి చూడండి. పట్టీ మొత్తం 20 ఎకరాలు అనుకుందాం. వీధులు, సందులు కూడా అందులో కలుస్తాయి. వీధులు 6 ఎకరాలు, చర్చి పార్కింగ్ 4 ఎకరాలు, పావు ఎకరం చొప్పున 40 ఇళ్లు కలిపి 10 ఎకరాలు. పాత పద్ధతిలో 4 ఎకరాలు, అంటే 16 ఇళ్లు చాలు. ఇప్పుడు 12 ఎకరాలు కావాలి. నలభై ఇళ్లవాళ్లూ ఒక్కమాట మీద నిలబడ్డా పదికే ఆగిపోతారు. చర్చివాళ్లను కలవకుండా పని జరగదు. మధ్యలో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) సొంత గ్రీన్‌బెల్ట్, అంటే పచ్చని ఖాళీ నేల ఉంటే దాని తరఫున హెచ్‌ఓఏ సంతకం పెట్టొచ్చు, కానీ మీ ఇంటి తరఫున పెట్టలేదు. పత్రాల్లో పేరున్నవాళ్లే కాగితం మీద సంతకం చేసి, అడ్రసు రాసి, సిటీ చెప్పిన గడువులోపు ఇవ్వాలి. ఆన్‌లైన్ పిటిషన్ కౌన్సిల్ సభ్యులకు ఊరి మూడ్ తెలుపుతుందేమో గానీ ఈ లెక్కలోకి రాదు.

ఇంకో పొరపాటు ఏమిటంటే, చాలామంది జోనింగ్ కమిషన్ మీటింగ్ మానేసి నేరుగా కౌన్సిల్‌కే వెళ్తారు. కమిషన్ వద్దని సిఫారసు చేస్తే, దాన్ని తోసిపుచ్చడానికి నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలని నియమం పెట్టుకోవడానికి నగరాలకు చట్టం వీలిచ్చింది. మీ ఊళ్లో ఆ నియమం ఉందేమో ప్లానింగ్ ఆఫీసులో అడగండి. ఉంటే అసలు మీటింగ్ అదే.

160 ఫ్లాట్లంటే 300 కార్లు. మా వీధి తట్టుకోదు. ఇదే గట్టిగా చెబుదామనుకుంటున్నాం. (మెకిన్నీ)

ఇది చెబితే ఓడిపోతారు. ట్రాఫిక్ ఇంజినీర్ల పట్టికలో విడి ఇంటికి రోజుకు సుమారు 9 ట్రిప్పులు, మామూలు రెండు మూడంతస్తుల అపార్ట్‌మెంటుకు 7 లోపు, పెద్దవాళ్ల అపార్ట్‌మెంటుకు 3 పైచిలుకు. 160 ఫ్లాట్లకు రోజుకు 520 దాకా వస్తాయి. అదే చోట 60 విడి ఇళ్లు కట్టినా 560 దాటుతాయి. డెవలపర్ లాయరు ఈ కాగితం జేబులో పెట్టుకునే వస్తాడు. దాని బదులు అంబులెన్సు ఏ గేటు నుంచి వస్తుంది, చెత్త లారీ ఎన్నింటికి వస్తుంది, మీ కంచె వైపు దీపాలు ఎంత ఎత్తులో ఉంటాయి అని అడగండి. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

డెవలపర్ చాలా అందమైన బొమ్మలు చూపించారు. చెట్లు, ఇటుక గోడలు, నడక దారి. నమ్మొచ్చా? (ప్రాస్పర్)

జోనింగ్ నేలకు అంటుకుని ఉంటుంది, మనిషికి కాదు. ఓటు పడ్డ మర్నాడే ఆ స్థలాన్ని ఇంకొకరికి అమ్మితే బొమ్మ పాతవాళ్లతో పోతుంది, అనుమతి కొత్తవాళ్లకు మిగులుతుంది. అందుకే దరఖాస్తు మామూలు జోన్ మార్పా, పీడీ అని పిలిచే ప్లాన్డ్ డెవలప్‌మెంటా అని ముందు చూడండి. మామూలు జోన్ మార్పులో షరతులు పెట్టడం కుదరదు. పీడీ అయితే ఆర్డినెన్సుతో పాటు షరతుల జాబితా ఉంటుంది. బొమ్మ కాదు, ఆ జాబితా చదవండి. అందులో లేనిదంతా నీటి మీద రాతే.

ఇటుక గోడల కోసం సమయం వృథా చేసుకోకండి. జాతీయ బిల్డింగ్ కోడ్‌లు ఒప్పుకున్న సామగ్రిని నగరాలు కాదనకూడదని 2019లోనే టెక్సస్ చట్టం చేసింది. డెవలపర్ తనంతట తాను ఒప్పుకుని ఒప్పందం రాసిస్తే వేరే సంగతి.

అడగాల్సినవి వేరే ఉన్నాయి, వాటిలో మొదటిది లిఫ్టు. నాలుగంతస్తులు, ఆపైన కట్టే భవనంలో కనీసం ఒక లిఫ్టులో 24 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవున్న స్ట్రెచర్ పడుకోబెట్టినట్టే పట్టాలని అంతర్జాతీయ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మూడంతస్తులకు ఆ నిబంధన లేదు. పక్కవాళ్ల గొడవ చూసి డెవలపర్ నాలుగో అంతస్తు తీసేస్తే అందరూ సంతోషిస్తారు గానీ, లిఫ్టు కూడా చిన్నదైపోవచ్చని ఎవరికీ తట్టదు. చిన్న లిఫ్టులోకి ఏడడుగుల స్ట్రెచర్ పోదు. తలవైపు పైకెత్తి, మనిషిని సగం కూర్చోబెట్టి దింపాలి. తుంటి ఎముక విరిగిన డెబ్బై ఏళ్ల మనిషిని అలా కూర్చోబెడితే ఆ నొప్పి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఎన్ని అంతస్తులైనా 24, 84 అంగుళాల స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉండాలని షరతుల్లో రాయమనండి. ఆ అంకెలతోనే రాయమనండి. ‘పెద్ద లిఫ్టు’ అని రాస్తే ఎవరి కొలత వాళ్లది.

రెండోది కరెంటు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఒక లిఫ్టు, ఒక పెద్ద హాలు, ఆ హాలులో హీటరు, ఆక్సిజన్ మెషీన్లకు ప్లగ్గులు నడిపే జెనరేటరు ఉందా అని అడగండి. ఉందంటే దాని చప్పుడు ఎటు వైపు వస్తుందన్నది పక్కింటివాళ్ల ప్రశ్న. రెండూ ఒకే మీటింగ్‌లో తేల్చుకోవచ్చు.

మూడోది పోర్చి. ముందు గుమ్మం దగ్గర కారు ఆపే కప్పు అందంగా, తక్కువ ఎత్తులో గీస్తారు. ఫైర్ ఇంజిన్ వెళ్లే దారికి 20 అడుగుల వెడల్పు, 13 అడుగుల 6 అంగుళాల ఎత్తు ఖాళీ కావాలి. ఆ దారి పోర్చి కిందుగా వెళ్తోందా, పక్కగానా అన్నది ప్లాన్‌లో చూడండి. కాలిబాట కిరాణా కొట్టు దాకా ఆగకుండా వెళ్తుందా అన్నదీ అక్కడే తెలుస్తుంది. సాధారణంగా స్థలం హద్దు దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత గడ్డి.

నాలుగోది వయసు షరతు. ఫ్లాట్లు నిండకపోతే రెండేళ్ల తర్వాత ‘55’ తీసేయమని మళ్లీ కౌన్సిల్‌కు వస్తారు. కౌంటీ క్లర్కు దగ్గర రిజిస్టరయ్యే డీడ్ రిస్ట్రిక్షన్‌లో (యజమాని మారినా నేలను అంటుకుని ఉండే షరతుల పత్రంలో) వయసు నిబంధన, అది ఎన్నేళ్లు ఉంటుందన్నది రాయించండి. తక్కువ ఆదాయంవాళ్ల కోసం ఫెడరల్ టాక్స్ క్రెడిట్‌తో కట్టే ఇళ్లకు అద్దె, ఆదాయం షరతులు కనీసం 30 ఏళ్లు నేలతో పాటే నడుస్తాయి.

నాన్నకు 63, అమ్మకు 57. మా ఇంటికి దగ్గర్లో వస్తున్న దాంట్లో వాళ్లకు ఫ్లాటు తీసుకోవచ్చా? మా పిల్లల్ని వాళ్ల దగ్గర వదిలి ఆఫీసుకు వెళ్లొచ్చా? (ఇర్వింగ్)

‘సీనియర్’ అనే మాటకు ఫెడరల్ చట్టంలో రెండు రకాలున్నాయి. 62 రకంలో ఉండేవాళ్లందరికీ 62 నిండాలి, కాబట్టి అమ్మగారికి కుదరదు. 55 రకంలో, నిండిన ఫ్లాట్లలో కనీసం 80 శాతంలో ఒక్కరికైనా 55 ఉంటే చాలు. మీవాళ్లిద్దరికీ అభ్యంతరం లేదు. మిగతా 20 శాతం చిన్నవాళ్లకు ఇచ్చి తీరాలని అనుకునేవాళ్లున్నారు. అది తప్పు. భర్త పోయి యాభై ఏళ్ల భార్య ఒంటరిగా మిగిలినప్పుడు ఆమెను వెళ్లగొట్టకుండా ఉండేందుకు వదిలిన వెసులుబాటు లాంటిది. నూటికి నూరు శాతం 55 అని పెట్టుకునే మేనేజ్‌మెంట్లూ ఉన్నాయి.

పిల్లలు పగలు వచ్చి వెళ్లడం, రాత్రి ఉండిపోవడం ఏడాదికి ఎన్ని రోజులన్నది లీజులో ఉంటుంది. సంతకానికి ముందే ‘అతిథుల’ పేజీ చదవండి. వేసవి సెలవులు మొత్తం తాతయ్య దగ్గరే అనుకునే మన ఇళ్లకు అదే పెద్ద చిక్కు.

ఒక మాట. ఇది ఇండిపెండెంట్ లివింగ్, అంటే అద్దె ఫ్లాటే. మందులివ్వడం, స్నానం చేయించడం ఉండవు. అవి కావాలంటే రాష్ట్రం లైసెన్సిచ్చే అసిస్టెడ్ లివింగ్ చూడాలి. ప్రమాదమప్పుడు తమంతట తాము బయటికి రాగలిగేవాళ్లకు టైప్ ఎ, సాయం కావలసినవాళ్లకు టైప్ బి. అక్కడ ఉండటానికయ్యే ఖర్చు మెడికేర్ (పెద్దవాళ్లకు ఫెడరల్ ఆరోగ్య బీమా) ఇవ్వదు.

మా అమ్మ కౌన్సిల్‌లో మాట్లాడతానంటోంది. ఇంగ్లీషు రాదు, సిటిజన్ కూడా కాదు. (ప్లేనో)

తప్పకుండా మాట్లాడనివ్వండి. అజెండాలో ఉన్న విషయం మీద నిర్ణయానికి ముందు ఎవరైనా మాట్లాడొచ్చు. సిటిజన్ కానక్కర్లేదు. సమయానికి హద్దు పెట్టొచ్చు, చాలాచోట్ల మూడు నిమిషాలు. అనువాదకుల ద్వారా మాట్లాడేవాళ్లకు కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టంలో ఉంది. మూడుకు ఆరు. క్లర్కుకు ఇచ్చే కార్డు మీద ‘అనువాదకులతో’ అని రాయండి, ముందు రోజే ఫోను చేసి చెప్పండి. ఆమె ఒక వాక్యం, మీరు ఒక వాక్యం. అంతా చెప్పించి చివర్లో ఒకేసారి అనువదిస్తే సగం జారిపోతుంది.

ఉపన్యాసం వద్దు. పేరు, వీధి, కావాలా వద్దా, ఒకే ఒక కోరిక. ‘లిఫ్టులో స్ట్రెచర్ పట్టాలి’ అని ఆమె తెలుగులో చెప్పి, చేతులు చాపి ఏడడుగులు చూపిస్తే ఆ గదిలో ఎవరికీ అర్థం కాకపోవడం ఉండదు.

శాకాహార వంటగది, గుడికి వ్యాను లాంటివి కౌన్సిల్‌లో అడగొద్దు, వాళ్ల చేతిలో ఉండవు. గడప లేని షవరు, పక్కన బకెట్టూ పీటా పట్టే చోటూ అంతే. లిఫ్టున్న భవనంలో స్నానాలగదుల గోడలు పట్టుకునే కడ్డీలు బిగించడానికి వీలుగా గట్టిగా ఉండాలని ఫెడరల్ చట్టం అంటుంది. కడ్డీలు బిగించి ఇవ్వాలని మాత్రం అనదు. ఇవన్నీ లీజింగ్ ఆఫీసుతో మాట్లాడుకోవాల్సినవి.

మా వెనక మాల్ స్థలంలో అపార్ట్‌మెంట్లట. సిటీకి ఫోను చేస్తే ‘దీనికి ఓటింగే లేదు’ అన్నారు. నిజమేనా? (ప్లేనో)

నిజమే. 2025 సెప్టెంబరు నుంచి ఎస్‌బీ 840 అనే రాష్ట్ర చట్టం అమల్లో ఉంది. మూడు లక్షల జనాభా దాటిన కౌంటీలో, లక్షా యాభై వేల జనాభా దాటిన నగరంలో, ఆఫీసులకో దుకాణాలకో అనుమతి ఉన్న జోన్‌లో అపార్ట్‌మెంట్లకు రీజోనింగ్ అక్కర్లేదు. ఎకరాకు 36 ఫ్లాట్ల దాకా, 45 అడుగుల ఎత్తు దాకా సిటీ ఒప్పుకోక తప్పదు, ఫ్లాటుకు ఒకటికి మించి పార్కింగ్ అడగలేదు. ప్లేనో, ఇర్వింగ్, ఫ్రిస్కో, మెకిన్నీ ఈ గీత దాటాయి. 2020 జనగణనలో లక్ష పైచిలుకు ఉన్న ఆలెన్ దాటలేదు. విమానాశ్రయం చుట్టూ, భారీ పరిశ్రమల పక్కన మినహాయింపులున్నాయి. ఆ స్థలం మీద పాత డీడ్ రిస్ట్రిక్షన్ ఉంటే ఈ చట్టం దాన్ని రద్దు చేయదు. కౌంటీ క్లర్కు రికార్డుల్లో వెతకండి. అక్కడా ఏమీ లేకపోతే మిగిలింది డెవలపర్‌తో నేరుగా కూర్చోవడమే. మూడంతస్తులే కడుతున్నాడంటే లిఫ్టు కొలత ముందే అడగండి.