ఏది ముందు, ఏది వెనక?

ప్రశ్న: పాపులిజం (జనం ఒకవైపు, పెద్దలు ఒకవైపు అనే రాజకీయం) వల్ల పార్టీల మధ్య చీలిక పెరుగుతుందా అన్నది నా పీహెచ్‌డీ అంశం. గైడ్‌గారేమో ‘ముందు కొలతలు తేల్చుకో’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్.
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఆయన చెప్పింది నిజమేనమ్మా. చీలిక రెండు రకాలు. విధానాల్లో దూరం జరగడం ఒకటి, అవతలి పార్టీవాళ్లంటేనే గిట్టకపోవడం ఇంకొకటి. మొదటిదానికి చాపెల్ హిల్ సర్వే చూడండి. 1999 నుంచి యూరప్ పార్టీలకు నిపుణులు ఎడమ (వామపక్షం) నుంచి కుడికి (మితవాదం) 0–10 స్కేలు మీద స్థానాలిస్తున్నారు. రెండోదానికి అమెరికా ఎన్నికల సర్వేలో 0–100 ‘థర్మామీటర్’ ప్రశ్న ఉంది; ఒక పార్టీ అంటే ఎంత ఇష్టమో, ఎంత అయిష్టమో ఓటర్లే మార్కులేస్తారు. ఈ రెంటినీ కలిపేసిన థీసిస్‌లు దిద్దీ దిద్దీ విసిగిపోయాను.

పాపులిజాన్ని మాత్రం ఎడమ-కుడి మార్కులతో కొలవకండి. చీలికనూ వాటితోనే కొలుస్తాం కాబట్టి, అలా చేస్తే దాన్ని దానితోనే పోల్చినట్టు. ‘మంచి జనం, చెడ్డ పెద్దలు’ అనే మాట ప్రసంగాల్లో ఎంతుందో చూడాలి.

అసలు పీటముడి వేరే ఉంది: పాపులిజం ముందా, చీలిక ముందా అన్నది. వెనెజులాలో 1998లో పాపులిస్టు నేత చావెజ్ అధ్యక్షుడిగా గెలిచేనాటికే పాత పార్టీల మీద జనానికి నమ్మకం పోయింది. ఆయన వచ్చాక దేశం రెండు శిబిరాలైంది. కాబట్టి పాపులిస్టు గెలిచిన ఎన్నిక ఒక్కటే పట్టుకోకుండా, అంతకుముందువి కనీసం రెండు మూడు కూడా లెక్కలోకి తీసుకోండి.