ఫోన్ లేకపోతే ముద్ద దిగని రెండేళ్ల బాబు, మాటలు రాలేదు: మా ఇంటి అనుభవం

బాబుకి రెండేళ్లు దాటాయి, ఫోన్ చేతికిస్తే తప్ప తినడు, మాటలు రాలేదు, ఇదంతా ఫోన్ వల్లేనా అని అడిగారు కదండీ. మూడేళ్ల కిందట మియాపూర్‌లో మా ఇంట్లోనూ ఇదే టెన్షన్.

మావాడికి అప్పుడు 26 నెలలు. ఏబీసీడీలు గడగడా చెప్పేవాడు, రంగులన్నీ ఇంగ్లిష్‌లో చెప్పేవాడు, చూసి మురిసిపోయేవాళ్లం. కానీ దాహం వేస్తే 'నీళ్లు' అనడు, నా చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దాకా లాక్కెళ్లి నిలబెట్టేవాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. "మగపిల్లలకి ఆలస్యమేలే, వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి" అని అత్తయ్యగారు ధైర్యం చెప్పేవారు. ఆ మాట పట్టుకుని నాలుగు నెలలు ఆగాం, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే ఫోనే కారణమని మీరే తేల్చేసుకోకండి, ముందు చెవుల పరీక్ష చేయించండి. వినికిడి లోపం ఉన్నా, ఆటిజం (మాటల్లో, నలుగురితో కలవడంలో తేడా కనిపించే ఎదుగుదల సమస్య) ఉన్నా మొదట్లో ఇలాగే కనిపించొచ్చు. ఫోన్లు, టీవీలు ఎక్కువ చూడటం వల్ల ఆటిజం లాంటి లక్షణాలు వస్తాయని, దాన్ని 'వర్చువల్ ఆటిజం' అని అందరూ అంటున్నారు గానీ వైద్యంలో అలా గుర్తించిన జబ్బు లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అని మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, పిల్లల ఎదుగుదల అక్కడ కూడా చూపించుకోవచ్చు.

ఇక ఫోన్ సంగతి. బిడ్డ 'ఊఁ' అంటే మనం 'ఏంటి నాన్నా' అంటాం, వాడు మళ్లీ ఏదో అంటాడు, మాటలు పుట్టేది ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే, వీడియో మాత్రం వాడు ఏమైనా అన్నా, అనకపోయినా ఆగకుండా పోతూనే ఉంటుంది. అమెరికాలో పసిపిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. తొమ్మిది నెలల పిల్లలతో మనుషులు ఎదురుగా కూర్చుని చైనీస్ మాట్లాడితే ఆ భాషలోని శబ్దాల తేడా పట్టుకోగలిగారు, అవే మాటలు తెర మీద చూపిస్తే పట్టుకోలేకపోయారు. రెండేళ్ల లోపు తెర అసలు వద్దు, అమ్మమ్మావాళ్లతో అప్పుడప్పుడు వీడియో కాల్ ఫర్వాలేదు, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకి గంట మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండి, అని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతోంది.

మేం ముందు అన్నం దగ్గర ఆపాం. మొదటి మూడు రోజులు నరకమే, రెండు ముద్దలు తిని పళ్లెం తోసేసేవాడు, ఏడుపు కింది ఫ్లోర్ దాకా వినిపించేది. టీవీ కూడా కట్టేశాం, అత్తయ్యగారు సీరియళ్లు వాడు పడుకున్నాకే చూసేవారు. మా ఫోన్లు బెడ్‌రూమ్‌లో పెట్టేసి, పళ్లెం తీసుకుని బాల్కనీలో కూర్చునేదాన్ని. గ్రిల్ మీద పావురాలు వాలేవి. "అదిగో వచ్చింది, పెరుగన్నం కావాలంట, పెడదామా" అని ఆగేదాన్ని, వాడి మొహంలోకి చూస్తూ. ఆ ఆగడం స్పీచ్ థెరపిస్ట్ నేర్పించారు, మనం ప్రశ్న వేసి జవాబు కూడా మనమే చెప్పేస్తాం కదా, అలా చెప్పొద్దు, పది లెక్కపెట్టండి అన్నారు. రెండు వారాలు దాటాక ఒక మధ్యాహ్నం పావురం ఎగిరిపోతే నా వైపు తిరిగి 'పోయి' అన్నాడు. పోయింది అనబోయాడు. పళ్లెం పక్కన పెట్టి ఏడ్చేశాను.

ఫోన్ ఆపేస్తే మాటలు వాటంతటవే వచ్చేస్తాయని మాత్రం చెప్పనండీ, మావాడికి తర్వాత ఎనిమిది నెలలు థెరపీ నడిచింది. మీ బాబు కావలసినవి వేలితో చూపిస్తాడా? పిలిస్తే చూస్తాడా? ఈ రెండూ ఒక వారం గమనించి రాసుకుని డాక్టర్‌కి చెప్పండి, అపాయింట్‌మెంట్ మాత్రం ఇవాళే తీసుకోండి.