షోకు కారు మొదటి ఓనరు దొరేనా? ముందు సీటు విప్పి చూడండి

పాతకాలపు షోకైన కారు కనబడితే దాని మొదటి యజమానులు ఎలాంటివాళ్ళై ఉంటారని ఊహించుకుంటారు, ఇదీ ప్రశ్న. మా వైపు ఎవరిని అడిగినా ఒక్కటే జవాబు: దొరవారు, అంటే ఊళ్ళనేలిన భూస్వామి. తెల్లటి ధోవతి, వేళ్ళకు ఉంగరాలు, వెనక సీట్లో కాలు మీద కాలు, గడి, అంటే దొర బంగళా, ముందు బండి ఆగగానే చేతులు కట్టుకుని నిలబడ్డ జనం. నేను ఒప్పుకోను. షోకులన్నీ చేసింది మొదటి ఓనరు కాదు, మూడోవాడో నాలుగోవాడో. మొదట కొన్నవాళ్ళు చాలావరకు పని మీద తిరిగే మనుషులు, కారుకు బూడిద రంగు చాలనుకున్నవాళ్ళు.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మాది సీట్ల పని. వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు మా నాన్న, బాపు, పెట్టిన కుషన్ షాపు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మెకానిక్‌కు ఇంజను తెలుస్తుంది, డెంటర్‌కు రేకు తెలుస్తుంది. కూర్చున్న మనిషి తెలిసేది మాత్రం మాకే. సీటు విప్పితే ఎంత బరువు మనిషో, ఎటు ఒరిగి కూర్చునేవాడో, తాగింది సిగరెట్టో బీడీయో, ఇంట్లో చిన్నపిల్లలున్నారో లేరో, అన్నీ బయటపడతాయి. బండి కాగితాలు అబద్ధం చెప్పొచ్చు. స్ప్రింగులు చెప్పవు.

కొన్నేళ్ళ కిందట కరీంనగర్ వైపు నుంచి ఒకాయన ప్లిమత్ కారు ఒకటి తెచ్చాడు. పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పుతాడు. ఎరుపు, మీగడ రంగు కలిపిన పెయింటు, టైర్లకు తెల్ల పట్టీలు, బంపర్లకు కొత్త క్రోమ్, బానెట్ మీద ఎక్కడినుంచో తెచ్చి బిగించిన ఇత్తడి గుర్రం. దిగీ దిగగానే మొదలుపెట్టాడు: "అన్నా, ఇది మామూలు బండి కాదు. దొరవారి బండి. దొరసాని పరదాలు కట్టుకొని కూసునేదట." ఏ ఊరి దొర అని అడిగితే సిరిసిల్ల వైపు అన్నాడు. టీ తాగేలోపు అది జగిత్యాల వైపు అయింది.

ఆ బండి అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిందనేది ఆయన చెప్పే ఇంకో మాట. అదీ కాదు. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ కంపెనీ బొంబాయి కుర్లాలో బిగించిన రకం అది. డాడ్జ్, డిసోటో, ప్లిమత్ మూడూ అక్కడే బిగించేవారు. పేరు పలక, ముందు జాలీ పీకేస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉండేవి.

ఎర్ర వెల్వెట్ కొట్టి అంచులకు బంగారు రంగు పైపింగ్ వేయమన్నాడు. సరేనని ముందు సీటు బయటికి తీశాం. అప్పటి బండ్లకు ముందు కూడా ఒకటే బల్లసీటు. పైన మెరూన్ రెగ్జిన్, ఈమధ్య వేసిందే. దాని కింద ఆకుపచ్చ రెగ్జిన్, అక్కడక్కడా బీడీ కాలిన చిల్లులు. వెనక సీటు స్ప్రింగులు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే తీరుగా కుంగిపోయి ఉన్నాయి. ఒక్క దొర కూర్చుంటే ఒక్క గుంట పడుతుంది. ఇలా సమానంగా కుంగాలంటే నలుగురైదుగురు ఇరుక్కుని, ఏళ్ళ తరబడి తిరగాలి. టాక్సీ. పక్క షాపు డెంటర్ వచ్చి టాపు మీద ఒక మూల గీకి చూపించాడు: మీగడ రంగు కింద నీలం, దాని కింద పసుపు, అన్నిటికంటే అడుగున రేకుకు అంటుకుని బూడిద రంగు. బొంబాయి టాక్సీలకు టాపు పసుపే కదా. కిరాయి ఆయన ముఖం అప్పుడే సగం మాడింది.

అసలు సంగతి ఆకుపచ్చ రెగ్జిన్ కింద ఉంది. కంపెనీ వాళ్ళు వేసిన గుడ్డ, బూడిద రంగు మీద సన్నని గీతలు. దాన్ని విప్పితే స్టీరింగ్ వైపు సగంలో మాత్రమే, స్ప్రింగుల మీద రెండు వేళ్ళ మందాన కొబ్బరి పీచు దిమ్మ ఒకటి కనిపించింది. చుట్టూ గోనెపట్టా, సుతిలితో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు, నాలుగు మూలలా స్ప్రింగులకు గట్టి ముళ్ళు. సీటు ఎత్తు పెరిగిన చోట పైగుడ్డ చాలక పక్కన అతుకు వేశారు, అది కూడా అదే కంపెనీ గుడ్డ, గీతకు గీత కలిపి. వెతికితే తప్ప కనిపించదు. అంటే బండి కొత్తగా ఉన్నప్పుడే ఎవరో పనిమంతుడి చేత చేయించుకున్నారు. బాపు దిమ్మను అటూ ఇటూ తిప్పి, కుట్టు మీద బొటనవేలు రాసి చూసి "మంచి చెయ్యి" అన్నాడు. నా కుట్టు గురించి ఆయన ఇప్పటిదాకా ఆ మాట అనలేదు.

ఆ పక్కనే నిలబడ్డ డ్రైవరు, ఆరడుగుల మనిషి, "గందుకేనా ఇన్ని దినాలు నా తలకాయ టాపుకు కొట్టుకుంటున్నది!" అన్నాడు.

దిమ్మ ఎందుకు పెట్టించారు? నడిపే మనిషి పొట్టి. బానెట్ అవతల రోడ్డు కనిపించాలి. జీతానికి పెట్టుకున్న డ్రైవరు కోసం ఏ ఓనరూ కంపెనీ సీటు విప్పించి అంత ఖర్చు పెట్టడు, ఇంట్లోంచి ఒక దిండు తెచ్చుకోమంటాడు. కాబట్టి నడిపింది ఓనరే. దొర తన కారు తానే నడుపుకోవడం మా తాతల కాలంలో ఎవరూ చూసి ఉండరు. దానికి తోడు సీటు సందులో తుప్పు పట్టిన చెంపపిన్ను ఒకటి దొరికింది. వెనక సీటు అసలు గుడ్డ మీద గోధుమ రంగు మరక, టింక్చర్ అయోడిన్ ఒలికితే పడే రంగు. ఇంకేం కావాలి? మొదటి ఓనరు లేడీ డాక్టరు. కాన్పు కేసని రాత్రిపూట కబురొస్తే బ్యాగు వెనక సీట్లో పడేసి, ఎవరినీ లేపకుండా, తానే స్టీరింగ్ పట్టుకుని వెళ్ళే మనిషి.

బాపు నవ్వాడు. "పొట్టి మొగోళ్ళు ఉండరారా?"

"మరి చెంపపిన్ను?"

"ఆయన పెండ్లాందై ఉంటది."

"మరక?"

"పాన్‌ది రా అది."

పాన్ మరక ఎన్నేళ్ళయినా అంచు దగ్గర ఎర్రదనం వదలదు. బతుకంతా జనం ఒలకబోసినవి చూస్తూనే ఉన్నాను, ఆ మాత్రం తెలియదా. కిరాయి ఆయన మాత్రం దొర పోయాడన్న బాధలో "ఆ రోజుల్ల మన దిక్కు లేడీ డాక్టర్లెక్కడున్నరన్నా?" అని అడిగాడు. ఎక్కడేమిటి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి 1915లో మొదలైంది స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ చేతుల మీదుగానే. కుర్లాలో ఈ ప్లిమత్‌ను బిగించేనాటికి అది పాత ముచ్చట.

దొరలకు కార్లు లేవని నేననడం లేదు. ఉన్నాయి. కానీ 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో దొరల మీద రైతుల సాయుధ పోరాటం నడిచింది. మధ్యలో 1948లో నిజాం రాజ్యాన్ని ఇండియాలో కలిపిన పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. చాలామంది గడీలకు తాళాలేసి హైదరాబాద్ చేరారు. అలాంటి టైములో పల్లెల్లో మెరిసే కారేసుకుని తిరగాలని ఎవరికుంటుంది? కారు నిజంగా అవసరమైనవాళ్ళు వేరే: తునికాకు కాంట్రాక్టర్లు, జిన్నింగ్ మిల్లు సేట్లు, సింగరేణి ఆఫీసర్లు, వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు, వకీళ్ళు, డాక్టర్లు. వీళ్ళలో ఒక్కరైనా బానెట్ మీద ఇత్తడి గుర్రం బిగించే రకమా?

నిజంగా షోకు కోసమే చేయించిన బండ్లు లేకపోలేదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటి సిల్వర్ గోస్ట్. వెనక సింహాసనం లాంటి సీటు, పైన గుమ్మటం. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. బండి చేతికొచ్చేలోపే, 1911లో, ఆయన పోయాడు. కోరి చేయించుకున్న మనిషి ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. వెనక రెక్కలు పరుచుకున్న 1959 ఇంపాలా సంగతి ఇంకా విచిత్రం. కార్ల దిగుమతికి గట్టి కట్టడి ఉన్న రోజుల్లో ఎంబసీల వాళ్ళు తిరిగి వెళ్ళిపోతూ వదిలేసిన విదేశీ కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది. సినిమావాళ్ళు, సేట్లు ఎగబడి కొన్నది అక్కడే. అలా కొన్న హీరోగారు రెండో ఓనరన్నమాట, మొదటి ఓనరు ఒక ఆఫీసు. ఇక ఊహించుకోండి ఫైళ్ళనీ స్టాంపులనీ.

ఊహించుకోవడానికి అసలు బండి అయినా ఉండాలిగా. ఖిలా వరంగల్ తోరణాల దగ్గరికి ప్రీవెడ్డింగ్ షూట్ల కోసం వచ్చే వింటేజ్ కార్లలో నేను చూసినవి సగం జీపు ఛాసిస్ మీద కూర్చోబెట్టిన ఫైబర్ బాడీలే. లోపల మారుతీ స్టీరింగు, బయట రాజుల కాలం లైట్లు. ఇంకొందరు నిక్షేపంలాంటి అంబాసిడర్ టాపు కోసేసి ఓపెన్ కారు అంటారు. టాపు కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు సరిగ్గా పడవు, పెళ్ళికొడుకు దిగేటప్పుడు తలుపు ఊడి చేతికొస్తుంది. వాటికీ సీట్లు మేమే కుడతాం, డబ్బులూ తీసుకుంటాం, తిట్టుకుంటాం. యాభై ఏళ్ళు దాటిన అసలు బండ్లకు 2021లో కేంద్రం వీఏ సిరీస్ నంబరు పెట్టింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. కానీ ఆ నంబరు మీద కిరాయికి తిప్పకూడదు. పెళ్ళి బండ్లవాళ్ళు ఇక దాని జోలికెందుకు పోతారు?

దిమ్మ తీసేయమన్నారు, తీసేశాం. వెల్వెట్ కొట్టి, పైపింగ్ వేసి పంపించాం. ఈమధ్య హన్మకొండలో ఒక బారాత్‌లో అదే ప్లిమత్ ఎదురుపడింది. డీజే మోతలో పెళ్ళికొడుకు మేనమామ చెవి దగ్గరికి వంగి కిరాయి ఆయన కథ చెబుతున్నాడు. దొర అలాగే ఉన్నాడు, పరదాల దొరసానీ ఉంది, ఇప్పుడు వాళ్ళకు పొట్టిగా ఒక డాక్టరు బిడ్డ కూడా పుట్టింది. "దొరబిడ్డ సారూ, డాక్టరమ్మ, తానే నడిపేది. సీటు కింద దిమ్మ కూడా దొరికింది, కుషన్ షాపాయన గాయనే!" అని నా వైపు చెయ్యి చూపించాడు. కిరాయి కూడా రెండు వేలు పెంచాడట.