మీ ప్రశ్న – మా జవాబు: ఆ 21 డిగ్రీలు ఎక్కడివి?

ప్రశ్న: కాకినాడ వైపు ఒక గ్యాస్ టెర్మినల్‌లో ట్రైనింగ్ చేశాను. సెపరేటర్ (గ్యాస్‌నీ ద్రవాన్నీ విడదీసే పాత్ర) పైనుంచి వచ్చే గ్యాస్‌ని శాంపిల్ సిలిండర్‌లో పట్టి హైదరాబాద్ తెచ్చాం. సెపరేటర్‌లో ప్రెజర్ 45 బార్, ఉష్ణోగ్రత 36 డిగ్రీలు. ఇక్కడ ల్యాబ్‌లో రెండు రోజులు పెట్టి (ఏసీ ఎప్పుడూ 22 మీదే) జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ, ఏ పదార్థం ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించాం. ఆ కంపోజిషన్‌ని సిమ్యులేటర్‌లో పెంగ్–రాబిన్‌సన్ ఈక్వేషన్‌తో వేస్తే 45 బార్ దగ్గర డ్యూ పాయింట్ (గ్యాస్ చల్లబడుతూ మొదటి చుక్క కట్టే ఉష్ణోగ్రత) 21 డిగ్రీలే వస్తోంది. కేఐజే విలువలు (ఈక్వేషన్‌లో రెండేసి పదార్థాల జంటకి వాడే సర్దుబాటు అంకెలు) కాస్త సర్దు, సరిపోతుంది అంటున్నాడు మా సీనియర్. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది సార్.
– ఎం.టెక్ విద్యార్థి, తార్నాక

జవాబు: కేఐజే జోలికి వెళ్లకండి. ముందు మీ ప్రశ్నలోనే ఉన్న రెండు అంకెలు పక్కపక్కన రాసి చూడండి. సిమ్యులేటర్ ఇచ్చింది 21, మీ ఏసీ 22.

సెపరేటర్‌లో అడుగున ద్రవం, దాన్ని ఆనుకుని పైన గ్యాస్, రెండూ సమతౌల్యంలో ఉంటాయి. అంటే పైనుంచి బయటికొచ్చే గ్యాస్ 36 డిగ్రీల దగ్గర సరిగ్గా తన డ్యూ పాయింట్ మీదే ఉందన్నమాట, ఒక్క డిగ్రీ తగ్గినా చుక్కలు కడుతుంది. దాన్ని తెచ్చి మీరు 22 డిగ్రీల గదిలో రెండు రోజులు పెట్టారు. గ్యాస్‌లోని బరువైనవి, అంటే హెప్టేన్, ఆక్టేన్, ఆ పైవి, చుక్కలై సిలిండర్ గోడలకి అంటుకుని కూర్చున్నాయి, జీసీకి వెళ్లింది మిగిలిన తేలిక గ్యాస్. ఆ మిగిలిన గ్యాస్ డ్యూ పాయింట్ మీ గది ఉష్ణోగ్రతే కదా! పాపం సిమ్యులేటర్ తన పని సరిగ్గానే చేసింది, మీరే దానికి వేరే గ్యాస్ ఇచ్చారు.

1972లో సోవే, 1976లో పెంగ్, రాబిన్‌సన్ ఇచ్చిన ఈక్వేషన్లు ఇలాంటి హైడ్రోకార్బన్ మిశ్రమాలకి ఇప్పటికీ బాగానే పనికొస్తాయి. మీథేన్–కార్బన్ డయాక్సైడ్ జంటకి కేఐజే సుమారు 0.1 ఉంటుంది, దాన్ని సున్నా అని వదిలేస్తే తప్పే. కానీ గోడకి అంటుకున్న ఆక్టేన్‌ని కేఐజేతో వెనక్కి రప్పిస్తాననడం మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే. ఈ శాంపిల్‌కి అంకె కుదురుతుంది, వచ్చే నెల శాంపిల్‌కి మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: సిలిండర్‌లో గ్యాస్ ఇంకా మిగిలి ఉంటే దాని రేటింగ్ చూసుకుని 55–60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిగా ఉంచండి, జీసీ దాకా వెళ్లే లైన్, రెగ్యులేటర్ కూడా వేడిగానే ఉండాలి. రెగ్యులేటర్‌ని చాలామంది మర్చిపోతారు. అందులో ప్రెజర్‌ని 45 బార్ నుంచి ఒకేసారి కిందికి దించితే బార్‌కి అర డిగ్రీ చొప్పున గ్యాస్ 20 డిగ్రీల దాకా చల్లబడుతుంది, అక్కడే మళ్లీ చుక్కలు. కానీ ఇప్పటికే కొంత గ్యాస్ వాడేశారు కాబట్టి సిలిండర్‌లో బరువైనవి వాటాకి మించి మిగిలి ఉంటాయి, ఈసారి డ్యూ పాయింట్ 36 దాటి వచ్చినా కంగారు పడకండి. కుదిరితే కొత్త శాంపిల్ తెప్పించుకోవడమే మంచిది. రిపోర్టులో హెక్సేన్ పైవన్నీ ఒకే ముద్దగా ఇస్తే ఒప్పుకోకండి, కనీసం సి10 (పది కార్బన్లుండే డెకేన్) దాకా విడివిడిగా అడగండి. వందలో 0.01 పాలు ఉండే ఆ తోకే డ్యూ పాయింట్‌ని డిగ్రీలకి డిగ్రీలు కదిలిస్తుంది. చల్లటి అద్దంతో (గ్యాస్ తగిలే అద్దాన్ని చల్లబరుస్తూ పొర ఎప్పుడు కడుతుందో చూసే పద్ధతి) కొలిచిన డ్యూ పాయింట్‌తో పోల్చేటప్పుడు ఇంకో మాట, అద్దం మీద పొర కంటికి కనబడేసరికి అసలు మొదటి చుక్క పుట్టి కొంతసేపైంది, కాబట్టి ఆ కొలత లెక్క కంటే కాస్త తక్కువే వస్తుంది.

కొత్త కంపోజిషన్‌తో 36 దరిదాపుల్లోకి వస్తే మోడల్ మీద నమ్మకంతో రివ్యూకి వెళ్లండి. అప్పుడూ రాకపోతే ఈక్వేషన్ గురించి మళ్లీ రాయండి.

ప్రశ్న: చలికాలం పొద్దున్నే వంటగ్యాస్ మంట నీరసంగా వస్తుంది, సిలిండర్ ఊపితే లోపల ఇంకా ఉన్నట్టే ఉంటుంది. కొలతలో మోసమా?
– గృహిణి, లింగంపల్లి

జవాబు: ఆ ఒక్క గుర్తుతో మోసమని చెప్పలేమండీ, ఇదీ పై కథే. లోపల ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. మైనస్ 42 దగ్గరే మరిగే ప్రొపేన్ ముందు ఎక్కువగా వెళ్లిపోతుంది, సున్నా దగ్గర మరిగే బ్యూటేన్ చివర్లో మిగులుతుంది. డిసెంబర్ చలికి తోడు ఆవిరయ్యే కొద్దీ సిలిండర్ ఇంకా చల్లబడుతుంది, దాంతో ప్రెజర్ పడిపోతుంది. ఎండెక్కాక మళ్లీ చూడండి, మంట పుంజుకుంటుంది. వేడినీళ్లు పోయడం, పొయ్యి పక్కన పెట్టడం మాత్రం వద్దు.