నైలు ఎర్ర సముద్రంలో కలవదు కదా, మరి ఈజిప్టు ఓడలు పుంట్ దేశానికి ఎలా వెళ్ళేవి?

ఓడల్ని పలకలుగా విడదీసి, ఎడారి దాటించి, ఎర్ర సముద్రం ఒడ్డున మళ్ళీ బిగించి వెళ్ళేవారు. ఎందుకంటే ఓడలు కట్టే చోట్లు, పనివాళ్ళు, తిండిగింజలు అన్నీ నైలు లోయలోనే ఉండేవి, సముద్రం ఒడ్డున ఇసుకా రాళ్ళూ తప్ప ఏమీ లేవు, గుళ్ళలో ధూపానికి కావలసిన బోళం, సాంబ్రాణి మాత్రం దక్షిణాన ఎక్కడో ఉన్న పుంట్ నుంచి రావాలి. ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఆనాటి ఈజిప్టు రేవు మెర్సా గవాసిస్ దగ్గర గుహల్లో దాదాపు 4,000 ఏళ్ళ నాటి తాళ్ళు చుట్టలు చుట్టి పెట్టినవి పెట్టినట్టే దొరికాయి, దేవదారు పలకలకైతే సముద్రపు పురుగులు తొలిచిన బొక్కలు కూడా ఉన్నాయి.

చాలామంది పుంట్‌కి మొదట వెళ్ళింది రాణి హత్షెప్సుట్ అనుకుంటారు. కాదు. ఆమె ఓడల్ని పంపింది క్రీ.పూ. 15వ శతాబ్దంలో, అంతకు దాదాపు 1,000 ఏళ్ళ ముందే సహురే అనే ఈజిప్టు రాజు కాలంలో పుంట్ నుంచి బోళం వచ్చింది. కాకపోతే ఆమె ఆ యాత్రని, బుట్టల్లో వేర్లతో సహా మోసుకొచ్చిన బోళం మొక్కలతో కలిపి, గుడి గోడల మీద చెక్కించింది, అందుకే అంత పేరు.