అమ్మాయిల బడిలో నాలుగు, ఐదు తరగతుల పాఠాలు ఎలా సాగుతాయి? చేర్చే ముందు ఏం చూడాలి?

మీ అమ్మాయిని నాలుగో తరగతికి ఆడపిల్లల బడిలో వేయాలనుకుంటున్నారు. అక్కడ తరగతిలో ఏమేం చేయిస్తారు, అబ్బాయిలు లేకపోతే చదువు నిజంగా బాగుపడుతుందా అని అడిగారు. నేను అలాంటి బడిలో నాలుగు నుంచి ఆరో తరగతి దాకా లెక్కలు, సైన్సు చెప్పాను. అంతకుముందు అందరూ కలిసి చదివే బడిలోనూ పనిచేశాను. రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు రెండో ప్రశ్న తేల్చేద్దాం. 2014లో ఎరిన్ పాల్కీ, జానెట్ హైడ్, కార్లీ ఆలిసన్ అనే పరిశోధకులు 21 దేశాల్లో జరిగిన 184 అధ్యయనాలను, అంటే దాదాపు 16 లక్షల మంది పిల్లల ఫలితాలను, కలిపి చూశారు. పిల్లల ఇంటి పరిస్థితి, వాళ్లు ఎలా ఎంపికై వచ్చారు లాంటివి కూడా లెక్కలోకి తీసుకున్న గట్టి అధ్యయనాల్లో రెండు రకాల బడులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి "మాది అమ్మాయిల బడి, అందుకే మా పిల్లలకు లెక్కలు బాగా వస్తాయి" అని ఎవరైనా అంటే తల ఊపి వచ్చేయండి.

మరి నాకు తేడా ఎక్కడ కనిపించిందంటే, తరగతిలో ఏ పని ఎవరి చేతికి వెళ్తుందన్న దగ్గర. కలిసి చదివే తరగతిలో బ్యాటరీ, బల్బు, వైరు ఇచ్చి నలుగురిని ఒక జట్టుగా కూర్చోబెడితే, చాలాసార్లు వైరు అబ్బాయి చేతిలోకి, పెన్ను అమ్మాయి చేతిలోకి వెళ్లిపోయేది. ఎవరూ చెప్పక్కర్లేదు, దానంతట అదే జరిగేది. అమ్మాయిల బడిలో వైరు పట్టుకోవడానికి అమ్మాయి తప్ప ఇంకెవరూ ఉండరు. అంతవరకు లాభమే. కానీ కొద్దిరోజుల్లోనే అక్కడా కొత్త వాటాలు ఏర్పడతాయి. చురుకైన పిల్ల వైరు పట్టుకుంటుంది, దస్తూరి బాగున్న పిల్ల రాస్తుంది, మాట్లాడని పిల్ల సామాన్లు సర్దుతుంది. అందుకని నేను చీటీలు వేసి పనులు మార్చేదాన్ని: కొలిచేది ఒకరు, రాసేది ఒకరు, అనుమానాలు లేవనెత్తేది ఒకరు. ఈ మూడో పనికి మొదట్లో ఎవరూ ముందుకు రారు. తర్వాత దానికోసమే గొడవపడతారు.

ఇక ఈ వయసు ఆడపిల్లల తరగతిలో అసలు పోరాటం నీట్‌నెస్‌తో. బయటివాళ్లకు ఇది వింతగా అనిపించొచ్చు. తొమ్మిది, పదేళ్ల పిల్లలు మార్జిన్ గీసి, హెడింగ్ కింద రెండు రంగుల స్కెచ్ పెన్నులతో గీతలు పెట్టి, నోటుబుక్కును ముద్దుగా పెట్టుకుంటారు. పెద్దవాళ్లు మెచ్చుకుంటారు. మెచ్చుకున్నకొద్దీ పేజీలో తప్పు కనబడటమంటే భయం పెరుగుతుంది. జవాబు ఖాయంగా తెలిస్తే తప్ప పెన్సిలు కదలదు. రాసినా, పక్కపిల్ల జవాబు వేరేగా ఉందని తెలియగానే రబ్బరు తీసి చెరిపేస్తారు. అలా సరైన జవాబులు చెరిపేసుకున్న పిల్లల్ని ఎంతమందిని చూశానో!

నా లెక్కల పీరియడ్‌లో రబ్బరు నిషేధం. తప్పైతే ఒక్క గీత కొట్టి కింద మళ్లీ రాయాలి. కొట్టేసింది నాకు చదవడానికి రావాలి. మొదట తల్లిదండ్రులే ఒప్పుకోలేదు, పుస్తకం అసహ్యంగా ఉందన్నారు. కానీ చూడండి, ఒక పిల్ల 3/4 + 1/2 కి పైవి పైవి, కిందివి కిందివి కలిపి 4/6 అని రాసింది. అది చెరిపేసి బోర్డు మీది జవాబు ఎక్కించుకుంటే నాకు ఏమీ తెలియదు. కొట్టేసిన 4/6 కనబడుతోంది కాబట్టి బోర్డు మీదే రాసి అడిగాను: "మూడు పావులకు ఇంకో సగం కలిపాం. వచ్చింది మూడు పావులకన్నా ఎక్కువా, తక్కువా?" కాగితం పట్టీలు మడిచి పక్కపక్కన పెట్టి చూశారు. 4/6 పట్టీ 3/4 పట్టీ కన్నా పొట్టిగా ఉంది. కలిపితే తగ్గిందేమిటని తరగతంతా ఒకటే నవ్వు. రాసిన పిల్లా నవ్వింది. ఆ తర్వాత హారాలు ఎందుకు సమానం చేయాలో నేను పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు.

దశాంశాల్లోనూ ఇంతే. 0.45 పెద్దదా 0.6 పెద్దదా అంటే సగం తరగతి 0.45 అంటుంది, ఆరు కన్నా నలభై ఐదు పెద్దది కదా అని. వంద గడుల గ్రాఫ్ కాగితం మీద రంగు వేయిస్తే గడులే జవాబు చెబుతాయి.

ప్రశ్న అడిగాక ఆగడం గురించి కూడా చెప్పాలి. టీచర్లు ప్రశ్న వేసి జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లకు పైగా ఆగితే జవాబులు పొడవు పెరుగుతాయని, ఎక్కువమంది పిల్లలు నోరు విప్పుతారని మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970ల్లోనే చూపించారు. మూడు సెకన్లు ఎంతసేపు అనుకుంటాం గానీ, నిశ్శబ్దంగా ఉన్న తరగతిలో అది చాలా పెద్ద సమయం. అమ్మాయిల బడిలో ఇది ఇంకా అవసరమని నా నమ్మకం. 2017లో లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ ప్రచురించిన అధ్యయనంలో ఐదేళ్ల ఆడపిల్లలు "చాలా చాలా తెలివైన" మనిషిగా తమలాంటి వాళ్లనే అబ్బాయిల్లాగే ఎంచుకున్నారు. ఆరేళ్లు వచ్చేసరికి అది తగ్గిపోయింది. "చాలా తెలివైన పిల్లల కోసం" అని చెప్పిన ఆట మీద వాళ్లకు ఆసక్తి కూడా తగ్గింది. అంటే మీ పాప నాలుగో తరగతికి వచ్చేసరికి "అంత తెలివి మనలాంటివాళ్లకు ఉండదేమో" అన్న అనుమానం మనసులో పాతబడి ఉండొచ్చు. గబగబా చెయ్యెత్తిన పిల్లకే ప్రతిసారీ అవకాశమిస్తే అది గట్టిపడుతుంది. నేను ముందు పక్కపిల్లతో మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత చీటీ తీసి పేరు పిలిచేదాన్ని.

యాక్టివిటీలు ఎలా ఉంటాయన్నారు కదా, ఒకటి వివరంగా చెబుతాను. దారం, బరువు కట్టడానికి నట్లు, స్కేలు, గడియారం, అంతే. లోలకం చేసి 30 సెకన్లలో ఎన్ని ఊగులు ఊగుతుందో లెక్కపెట్టాలి. ముందుగా ప్రతివాళ్లూ తమ ఊహ రాయాలి: ఒక నట్టు బదులు మూడు కడితే ఏమవుతుంది? దాదాపు అందరూ వేగంగా ఊగుతుందనే రాస్తారు. చేసి చూస్తే తేడా రాదు. నమ్మరు, మళ్లీ చేస్తారు. ఒక జట్టు పక్క జట్టు మీద లెక్క తప్పారని నేరం మోపుతుంది. తర్వాత దారం పొడవు మారుస్తారు. 25 సెంటీమీటర్లుంటే 30 ఊగులు (వెళ్లి రావడం ఒకటి), ఒక మీటరుంటే 15. దారాన్ని నాలుగింతలు చేస్తే ఊగులు సగమయ్యాయి. నాలుగో వంతు ఎందుకు కాలేదని ఐదో తరగతి పిల్ల అడిగితే నేను జవాబు చెప్పేదాన్ని కాదు, మధ్య పొడవులు కూడా చేసి గ్రాఫ్ గీయమనేదాన్ని. గీత వంకరగా వస్తుంది. స్కేలుతో నిటారుగా గీసేద్దామా టీచర్ అంటారు. నీట్‌నెస్ పిచ్చి అక్కడ కూడా!

చార్టులు, మోడళ్లు, వార్షికోత్సవం రిహార్సళ్లు అన్ని బడుల్లో ఉండేవే. వాటి గురించి రాయడానికేం లేదు. ఇంట్లో నాన్న కత్తిరించి అమ్మ అతికించిన ప్రాజెక్టుల సంగతి మీకు తెలిసిందే.

స్నేహాల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసులో ముగ్గురు జట్టుకట్టి నాలుగో పిల్లను పక్కన పెట్టడం ఉంటుంది. అరుపులు, కొట్లాటలు ఉండవు కాబట్టి టీచరు కంట పడదు. ఆ పిల్ల పాఠంలో వెనకబడ్డాకే తెలుస్తుంది. "జట్లుగా కూర్చోండి" అని పిల్లలకే వదిలేసే టీచరు ఆ వెలివేతకు తెలియకుండానే సాయం చేస్తున్నట్టు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక ముక్క ఇస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్లంతా కలిసి చదువుకుని, తమ జట్టుకు వెళ్లి నేర్పాలి. పక్కన పెట్టిన పిల్ల చెబితే తప్ప మిగతా ముగ్గురికీ ఆ భాగం రాదు. దాంతో ప్రాణస్నేహాలు ఏర్పడతాయని అనను. మాట వినడం మాత్రం మొదలవుతుంది.

ఇంకొకటి, చాలామంది అడగడానికి మొహమాటపడేది. కొందరు పిల్లలకు తొమ్మిది, పదేళ్లకే పీరియడ్స్ మొదలవుతాయి. కాబట్టి ఈ పాఠం ఏడో తరగతి దాకా ఆగకూడదు. అమ్మాయిల బడికి ఉన్న స్పష్టమైన సౌలభ్యం నా దృష్టిలో ఇదే. ఎవరో నవ్వుతారన్న భయం లేకుండా, ప్యాడ్ ఎలా వాడాలో, ఎక్కడ పారేయాలో, కడుపు నొప్పిగా ఉంటే ఎవరికి చెప్పాలో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. ఆ సౌలభ్యాన్ని వాడుకోకుండా గుసగుసలతో సరిపెట్టే అమ్మాయిల బడులూ ఉన్నాయి. నాలుగో తరగతిలో ఈ విషయం ఎవరు చెబుతారు, ఏం చెబుతారు అని నేరుగా అడగండి. బాత్రూముల్లో నీళ్లు, చెత్తబుట్ట ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూడండి.

బడి చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీది చార్టుల దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. ఒక్క సైన్సు పీరియడ్ వెనక బెంచీలో కూర్చోనిస్తారా అని అడగండి. కుదరదంటే ఐదో తరగతి పిల్లల రఫ్ బుక్కులు రెండు మూడు చూపించమనండి, పేర్లు మూసి చూపించినా ఫర్వాలేదు. ఫెయిర్ నోట్సు వద్దు, అది అన్ని బడుల్లోనూ అందంగానే ఉంటుంది. రఫ్ బుక్కులో కొట్టివేతలు, పక్కన రాసుకున్న ప్రశ్నలు, ముగ్గురు పిల్లలు ఒకే లెక్కను మూడు దారుల్లో చేసిన ఆనవాళ్లు ఉంటే చేర్చడం గురించి ఆలోచించండి. "మా దగ్గర రఫ్ బుక్కులు ఉండవండీ, అంతా ఫెయిరే" అంటే నేనైతే ఇంకో బడి చూస్తాను.