డిస్క్ గోల్ఫ్: ఏ డిస్క్ కొనాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(డిస్క్ గోల్ఫ్ అంటే గోల్ఫ్ లాంటి ఆటే. బంతి బదులు డిస్క్‌ను విసురుతూ, గొలుసులు వేలాడే బుట్టలో, అంటే బాస్కెట్‌లో, వీలైనన్ని తక్కువ విసుర్లలో వేయాలి.)

ప్రశ్న: మా తమ్ముడు దసరాకు డల్లాస్ నుంచి వస్తున్నాడు. వచ్చేటప్పుడు డిస్క్ గోల్ఫ్ డిస్క్‌లు తెమ్మన్నాను. అక్కడ ఎక్కువమంది కొనేవి ఏవో చెబితే అవే తెప్పించుకుంటాను. కాలేజీ రోజుల్లో మామూలు ఫ్రిస్బీ బాగానే విసిరేవాణ్ని.
(ఉపాధ్యాయుడు, నల్గొండ)

జవాబు: అక్కడ బాగా అమ్ముడయ్యేవన్నీ మీ చేతికి సరిపోతాయనుకోవద్దు. అమెరికా దుకాణాల్లో ఏళ్ల తరబడి ఆదరణ తగ్గని పేర్లు కొన్ని ఉన్నాయి. పట్టర్లలో (బుట్ట దగ్గర నుంచి వేసేవి) ఇన్నోవా కంపెనీ ఏవియర్, డైనమిక్ డిస్క్స్ కంపెనీ జడ్జ్. మిడ్‌రేంజ్‌లో (మధ్య దూరానికి) డిస్క్రాఫ్ట్ బజ్, ఆక్సియమ్ హెక్స్. ఫెయిర్‌వే డ్రైవర్లలో (అంతకన్నా దూరానికి) ఇన్నోవా లెపర్డ్, టీబర్డ్. అన్నిటికన్నా ఎక్కువ దూరం కోసం ఇన్నోవా డెస్ట్రాయర్. ఇందులో చివరిది తప్ప మిగతావన్నీ కొత్తవాళ్లకు పనికొస్తాయి.

మీ తమ్ముడికి ఇలా రాసి పంపండి: ఏవియర్ లేదా జడ్జ్ ఒకే రకంవి రెండు, బజ్ ఒకటి, లెపర్డ్ ఒకటి. మొత్తం నాలుగు డిస్క్‌లు, ముప్పావు కిలోకు మించవు, పెట్టెలో చీరల మధ్య పట్టేస్తాయి. పట్టర్లు రెండెందుకంటే రోజూ సాధన చేయాల్సింది వాటితోనే. రెండూ ఒకే రకమైతేనే చేతికి అలవాటు కుదురుతుంది. అక్కడ మామూలు ప్లాస్టిక్ డిస్క్ సుమారు 10 డాలర్లు, ప్రీమియం రకం 15 నుంచి 20 డాలర్లు ఉంటుంది. ఒక్క డిస్క్ కోసం విదేశీ కొరియర్ పెట్టుకుంటే రవాణా, సుంకం కలిపి డిస్క్ ధరను మించిపోవచ్చు. కాబట్టి వచ్చేవాళ్ల చేత తెప్పించుకోవడమే మేలు.

ఫ్రిస్బీతో జట్లుగా ఆడే అల్టిమేట్ ఆట డిస్క్ కూడా చాలా గోల్ఫ్ డిస్క్‌ల్లాగే 175 గ్రాములే. కానీ దాని వెడల్పు సుమారు 27 సెంటీమీటర్లు, అంచు మొద్దుగా గుండ్రంగా ఉంటుంది. గోల్ఫ్ డిస్క్‌లు ఎక్కువగా 21 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. 1983లో వాలు అంచు డిస్క్ వచ్చాక ఈ ఆట తీరే మారిపోయింది. ఆ అంచు గాలిని చీల్చుకుంటూ పోతుంది, అందుకే దూరం వస్తుంది. కాకపోతే చెయ్యి కాస్త వంకరపోయినా ఆ తప్పు వెంటనే బయటపడుతుంది.

ప్రశ్న: డెస్ట్రాయర్ 175 గ్రాములది కొన్నాను. పెద్ద ఆటగాళ్లు దానితో 120 మీటర్లు దాటిస్తున్నారు. నాది 50 మీటర్లకే పైకి లేచి, ఆగిపోయి, ఎడమకు పడిపోతోంది. డిస్క్ నకిలీదా?
(ఇంజినీరింగ్ విద్యార్థి, జడ్చర్ల)

జవాబు: డిస్క్‌లో లోపమేమీ లేదు తమ్ముడూ. దాని మీద 12, 5, -1, 3 అని నాలుగు అంకెలు ఉంటాయి. మొదటిది స్పీడ్: డిస్క్ తన స్వభావం చూపాలంటే ఎంత వేగంగా విసరాలో చెబుతుంది. రెండోది గ్లైడ్, గాలిలో తేలే గుణం. మూడోది టర్న్, అంటే వేగంగా ఉన్నప్పుడు ఎంత పక్కకు వాలుతుందో. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసరడం) మైనస్ అంకె ఎంత పెరిగితే డిస్క్ అంత కుడికి వాలుతుంది. నాలుగోది ఫేడ్: వేగం తగ్గాక చివర్లో ఎడమకు ఎంత లాగుతుందో.

డెస్ట్రాయర్ స్పీడ్ 12. అంత వేగం నీ చేతిలో ఇంకా రాలేదు, అందుకే టర్న్ అసలు మొదలే కాదు. చేతిలోంచి వదలగానే ఫేడ్ 3 పని మొదలుపెడుతుంది. పైకి లేచి ఆగిపోతోందంటే ఇంకో కారణం కూడా ఉంది: డిస్క్ ముందు అంచు పైకెత్తి ఉంటోంది. చెంబులోంచి నీళ్లు వంచేటప్పుడు మణికట్టు ఎలా కిందికి వంగుతుందో, విసిరేటప్పుడు అలాగే వంచు. బొటనవేలిని డిస్క్ పైభాగాన గట్టిగా నొక్కి పెట్టు. భుజం కంటే ఎత్తులో వదలకు.

డెస్ట్రాయర్‌ను ఇప్పటికి పక్కన పెట్టు. లెపర్డ్ స్పీడ్ 6, టర్న్ -2, ఫేడ్ 1. నీ వేగానికి కూడా కొంత కుడికి వాలి, నెమ్మదిగా తిరిగొస్తుంది. చాలామంది కొత్తవాళ్లకు అదే డెస్ట్రాయర్ కంటే దూరం పోతుంది. బజ్‌తో 75 మీటర్లు నిలకడగా వచ్చాక స్పీడ్ 9 కొను. 105 మీటర్లు దాటాకే 12 జోలికి వెళ్లు. అప్పటికి ఆ డెస్ట్రాయర్ కొత్తదిలాగే ఉంటుంది, డబ్బు ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: మా దగ్గర అంతా గుండ్లు, కంకర. ఏ ప్లాస్టిక్ తీసుకోవాలి? ఎండలో కారులో పెట్టిన పట్టర్ వంకరపోయింది, సరవుతుందా?
(వ్యాపారి, దేవరకొండ)

జవాబు: డ్రైవర్లు, మిడ్‌రేంజ్ డిస్క్‌లు ప్రీమియం ప్లాస్టిక్‌లోనే కొనండి. ఇన్నోవాలో చాంపియన్, స్టార్. డిస్క్రాఫ్ట్‌లో జెడ్, ఈఎస్‌పీ. ఇన్నోవా డీఎక్స్, డిస్క్రాఫ్ట్ ప్రో-డి లాంటి మామూలు రకాలు నల్లరాయికి నాలుగు దెబ్బలు తగిలితే అంచు చెక్కుకుపోతుంది. అంచు అరిగేకొద్దీ డిస్క్ కుడికి ఎక్కువ వాలడం మొదలవుతుంది. తిన్నగా పోయే డిస్క్ ఉన్నట్టుండి పక్కకు తిరుగుతోందంటే ముందు అంచు చూసుకోండి. పట్టర్ మాత్రం మామూలు ప్లాస్టిక్‌దే మేలు. వేళ్లకు పట్టు బాగుంటుంది, దూరం తక్కువ కాబట్టి దెబ్బలూ తక్కువే.

రాయి తగిలి లేచిన ముళ్లను సన్నని ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్దొచ్చు. గీతలు సాఫు చేసేంత వరకు ఈ ఆటకు నియమాలు రాసే సంఘం పీడీజీఏ నిబంధన ఒప్పుకుంటుంది, అంచు ఆకారం మార్చితే ఒప్పుకోదు.

వంకరపోయినదాన్ని వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచండి. నీళ్లు మరగకూడదు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత చాలు. తీసి షాబాదు బండ మీద బోర్లించి, పైన సమంగా బరువు పెట్టి చల్లారనివ్వండి. తేలికగా వంగినది చాలావరకు సర్దుకుంటుంది. అంచు మడతపడితే మాత్రం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో కారు డ్యాష్‌బోర్డు మీద, బైక్ డిక్కీలో వదలొద్దు. ఇంట్లో కూడా ఒకదానిపై ఒకటి వాల్చిపెట్టకుండా నిలువుగా పేర్చండి.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. ఎంత బరువు డిస్క్ ఇవ్వాలి?
(గృహిణి, మిర్యాలగూడ)

జవాబు: 150 గ్రాముల దగ్గరవి చూడండమ్మా, అంతకన్నా తక్కువ దొరికితే ఇంకా మంచిది. ముందు పట్టర్, మిడ్‌రేంజ్ చాలు. తేలిక డిస్క్ తక్కువ బలానికే తేలుతుంది కానీ గాలికి కొట్టుకుపోతుంది, అందుకని పొద్దున పూట ఆడించండి.

ప్రశ్న: ఆషాఢం గాలికి మా డిస్క్‌లు ఎటు పోతాయో తెలియడం లేదు. చెరువులో పడ్డవి మళ్లీ దొరకడం లేదు.
(మిత్రబృందం, మక్తల్)

జవాబు: ఎదురుగాలిలో డిస్క్ మీదుగా గాలి వేగం పెరుగుతుంది. మీరు ఇంకా బలంగా విసిరినట్టే అది ప్రవర్తిస్తుంది, కుడికి ఎక్కువ వాలుతుంది. లెపర్డ్ అయితే ఏకంగా తిరగబడి నేల మీద దొర్లుతుంది. అప్పుడు ఫేడ్ ఎక్కువున్న ఇన్నోవా రోక్3, డిస్క్రాఫ్ట్ జోన్ లాంటి డిస్క్ తీసి, తలెత్తు దాటకుండా పోయేలా విసరండి. వెనుక గాలి ఉంటే అంతా తలకిందులు: డిస్క్ త్వరగా కిందికి పడుతుంది, ఎడమకు లాగుతుంది. లెపర్డ్ పని అక్కడే.

డిస్క్‌లు చాలావరకు నీట మునుగుతాయి. ఇన్నోవాలో డ్రాగన్, వాహూ, హైడ్రా తేలేవి. హైడ్రా పట్టర్, డ్రాగన్ మీలాంటివాళ్లకు సరిపోయే డ్రైవర్. కట్ట పక్కన ఆడేటప్పుడు అవి రెండూ చాలు. తుమ్మ కంపలో పోకుండా డిస్క్‌లు గులాబీ, నారింజ రంగుల్లో కొనండి. పచ్చవి వానాకాలంలో, ఎర్రవి మన ఎర్రనేలలో కనబడవు. అడుగున చెరగని పెన్నుతో ఫోన్ నంబరు రాయండి.

ప్రశ్న: బాస్కెట్ కొనే స్తోమత బడికి లేదు. తయారు చేసుకోవచ్చా?
(వ్యాయామ ఉపాధ్యాయుడు, అచ్చంపేట)

జవాబు: నిక్షేపంగా. పాత టైరులో కాంక్రీటు పోసి జీఐ పైపు నిలబెట్టండి. బుట్ట పై అంచు నేల నుంచి 82 సెంటీమీటర్లు ఉండాలి, అటూఇటూ 6 వరకు ఫర్వాలేదు. దానికి సుమారు 50 సెంటీమీటర్ల పైన సైకిల్ రిమ్ బిగించి, బయటి వరుసలో 12, లోపల 6 గొలుసులు వేలాడదీయండి. గొలుసులు బిగుతుగా కట్టొద్దు. బిగుతుగా ఉంటే డిస్క్ తగిలి వెనక్కి ఎగిరిపోతుంది, వదులుగా ఉంటే వేగం చచ్చి బుట్టలో పడుతుంది. చుట్టూ 10 మీటర్ల దూరంలో సున్నంతో వలయం గీయండి. పోటీల్లో ఆ వలయం లోపల నుంచి పట్ వేసి (బుట్టలోకి విసిరి), డిస్క్ వదిలాక తూలి ముందుకు అడుగేస్తే తప్పు కిందికి వస్తుంది. పిల్లలకు ఆ నిలకడ మొదటి రోజు నుంచే అలవాటు చేయండి.